పాత కాంప్లెక్సు డెవలప్‌మెంట్‌కిచ్చాక బిల్డర్ మధ్యలో ఆపేస్తే

అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద 800 గజాల్లో 1980లలో కట్టిన జీ ప్లస్ 2 కాంప్లెక్సు, 40 మడిగెలు (దుకాణాలు). ఓనర్లంతా బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కిచ్చారు (స్థలం వీళ్లది, కట్టేది అతను, కొత్త బిల్డింగులో ఇద్దరికీ వాటా). అతను వెనక భాగం కూల్చి, సెల్లార్ తవ్వి, కొన్ని పిల్లర్లు లేపి ఆపేశాడు. ముందు భాగంలో కొందరు కిరాయిదారులు ఇంకా ఉన్నారు. అగ్రిమెంటు రాసి నాలుగేళ్లు, గడువు 30 నెలలు, గ్రేసు మరో 6 నెలలు. రద్దు చేసి వేరే బిల్డర్‌కు ఇచ్చుకోవచ్చా?

రద్దు నోటీసు ఇప్పుడే పంపకండి. రిజిస్టరైన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏని (కట్టే ఒప్పందంతో పాటు, ఓనర్ల తరఫున ఏజెంటుగా వ్యవహరించే అధికారం కూడా బిల్డర్‌కు ఇచ్చే కాగితం) ఒక పక్షం వాళ్లే వెళ్లి రద్దు చేయించుకోవడం అయ్యే పని కాదు. బిల్డర్ అప్పటికే డబ్బు పెట్టి ఉంటాడు కాబట్టి కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ పట్టుకుంటాడు: ఏజెంటుకే ఆ ఆస్తిలో ప్రయోజనం ఉంటే, అతనికి నష్టం కలిగేలా అధికారాన్ని వెనక్కి తీసుకోకూడదని. మీరు కాగితం రాసుకుని రెండో బిల్డర్‌ను తెచ్చినా, అతని లాయరు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయగానే పాత అగ్రిమెంటు కనిపిస్తుంది. లోను ఇచ్చే బ్యాంకు అక్కడే ఆగిపోతుంది.

ముందు కాగితాలు. ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కానీ ఒక్క ఇంటి నంబరుతో వెతికి ఊరుకోవద్దు. పాత కాంప్లెక్సులకు డోరు నంబర్లు మారి ఉంటాయి, బై నంబర్లు (అసలు నంబరు పక్కన గీత గీసి వేసేవి) ఒక్కో డాక్యుమెంటులో ఒక్కోలా ఉంటాయి. లింకు డాక్యుమెంట్ల (అదే ఆస్తి పాత రిజిస్టర్డ్ కాగితాల) నంబర్లతో, ప్లాటు లేదా సర్వే నంబరుతో విడివిడిగా తీయండి. రిజిస్ట్రేషన్లు చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో, అంటే 22-ఏలో, ఉందేమో చూడండి. బిల్డర్‌ది కంపెనీ అయితే కంపెనీల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ ఎంసీఏ పోర్టల్‌లో చార్జెస్ (తాకట్ల వివరాలు) చూస్తే ఏ బ్యాంకుకు ఏం తాకట్టు పెట్టాడో తెలుస్తుంది. ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లి ఉంటే దివాలా చట్టం 14వ సెక్షన్ మారటోరియం (కేసులకు తాత్కాలిక నిలుపుదల) వల్ల మీ కేసులేవీ ముందుకు కదలవు. ఆ సంగతి తెలియకుండా లాయరుకు ఫీజు కట్టడం దండగ.

చాలామంది వదిలేసేది ఒకటుంది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు జీహెచ్‌ఎంసీ కట్టబోయే ఏరియాలో 10 శాతం తనకు మార్ట్‌గేజ్ చేయించుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (పూర్తయిన బిల్డింగును వాడుకోవచ్చన్న అనుమతి) వచ్చాకే వదులుతుంది. ఆ 10 శాతం బిల్డర్ వాటాలోంచి ఇచ్చాడా, మీ వాటాలోంచా? పర్మిషన్ వచ్చాక ఎవరికి ఏ అంతస్తు, ఏ మడిగె అని తేల్చే సప్లిమెంటరీ అగ్రిమెంటు రిజిస్టర్ చేసుకోకపోతే దీనికి జవాబే ఉండదు. పర్మిషన్ కాపీ మీద గడువు తేదీ కూడా చూడండి. అది దాటితే కొత్త బిల్డర్ ఇప్పటి రూల్స్ ప్రకారం బిల్డ్‌నౌలో (ఆన్‌లైన్ బిల్డింగ్ పర్మిషన్ల పద్ధతి) మళ్లీ మొదట్నుంచి వెళ్లాలి.

ఇక వాటాల లెక్క. నా దృష్టిలో అసలు ముడి ఇక్కడే పడుతుంది. బిల్డర్ పారిపోవడం కంటే దీనివల్ల ఆగిన సైట్లే ఎక్కువ. 40 సేల్ డీడ్లూ ముందేసుకుని, ఒక్కోదాంట్లో రాసిన అవిభాజ్య వాటా (విడదీయకుండా ఉమ్మడిగా ఉన్న స్థలంలో ఆ మడిగెకు వచ్చే భాగం) గజాలు కూడండి. మొత్తం 800 రావాలి. ఉదాహరణకు 710 వచ్చిందనుకోండి, మిగతా 90 గజాలు ఇప్పటికీ మొదటి ఓనరు పేరునే, అంటే ఆయన వారసుల పేరునే ఉన్నట్టు. వాళ్ల సంతకం లేకుండా మీ అగ్రిమెంటే అసంపూర్ణం. టెర్రస్ హక్కులూ అంతే. ముంబై సొసైటీల్లో 51 శాతం ఒప్పుకుంటే రీడెవలప్‌మెంట్ నడుస్తుంది. ఇక్కడ అలా కాదు, ఒక్క మడిగె ఓనరు సంతకం పెట్టకపోయినా ఆగుతుంది.

ఆ ఒక్కడు దాదాపు ఎప్పుడూ గ్రౌండ్ ఫ్లోర్ రోడ్డు ముఖం వాడే. అతని మొండితనానికి కారణముంది. పాత కట్టడం రోడ్డును ఆనుకుని ఉంటుంది. కొత్తదానికి రోడ్డు వెడల్పులో పోయేది పోను సెట్‌బ్యాక్ (ముందు ఖాళీ స్థలం) వదలాలి, సెల్లార్ ర్యాంపుకు దారి ఇవ్వాలి. గ్రౌండ్‌లో మడిగెలు తగ్గుతాయి. అప్పుడు 200 అడుగుల ముందు మడిగెకు బదులు ఫస్ట్ ఫ్లోర్‌లో 200 అడుగులు చూపిస్తే ఎవరు ఒప్పుకుంటారు? అడుగుకు అడుగు కాకుండా విలువకు విలువ పంచండి. కూల్చకముందు మూడేళ్ల అద్దెలు తీసి రోడ్డు ముఖానికి 100 పాయింట్లు, లోపలి గ్రౌండ్‌కు 65, ఫస్ట్‌కు 45, సెకండ్‌కు 30 అనుకుందాం (నమూనా అంకెలే, మీవి మీరు తేల్చుకోవాలి). ఆ లెక్కన అతనికి ఫస్ట్ ఫ్లోర్‌లో 444 అడుగులు రావాలి. ఈ పట్టిక బిల్డర్‌తో కాకుండా ఓనర్లే వేసుకోవాలి.

ఈలోగా కేసు వేసుకునే గడువు కరిగిపోతోంది. మీ అగ్రిమెంటు గడువు దాటి ఏడాదైంది. దావాకైనా ఆర్బిట్రేషన్‌కైనా (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) సాధారణంగా మూడేళ్లే, అంటే సుమారు రెండేళ్లున్నాయి. బిల్డర్ "వచ్చే దసరాకి మొదలెడతా" అని ఫోన్లో చెప్తే లాభం లేదు. బాధ్యత ఒప్పుకుంటూ సంతకంతో లెటరు తీసుకోండి, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ గడువును మళ్లీ మొదట్నుంచి లెక్కించడానికి అది పనికొస్తుంది. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టుకెళ్లి, బిల్డర్ తన వాటా అమ్మకుండా ఆర్డరు తెచ్చుకోవచ్చు. కానీ ఆర్డరు వచ్చిన 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలెట్టాలి. అతను ఇప్పటికే ఎవరికైనా అమ్మి ఉంటే, మీ స్థలం 500 చదరపు మీటర్లు దాటింది కాబట్టి రెరా (కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కొన్నవాళ్లను శత్రువులుగా చూడకండి. రిజిస్ట్రేషన్ గడువు తీరితే, మిగిలిన పని చేపట్టే మొదటి అవకాశం రెరా చట్టం 8వ సెక్షన్ ప్రకారం వాళ్ల సంఘానిదే.

సెల్లార్ గుంత గురించి, ఇది ఈ వారమే చేయాల్సింది. నీళ్లు నిలిచి ఉంటే పెద్ద మోటరు పెట్టి ఒక్కరోజులో తోడించొద్దు. నానిన మట్టిని ఇన్నాళ్లూ ఆ నీళ్లే ఎదురు ఒత్తిడితో ఆపుతుంటాయి. ఒక్కసారి తీసేస్తే రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) లేని పక్క జారి, పక్కింటి ప్రహరీతో సహా లోపలికొస్తుంది. రోజుకు అడుగు, అడుగున్నర చొప్పున దించండి. పక్క గోడ పగుళ్ల మీద అడ్డంగా పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పట్టీ వేసి తేదీ రాయండి. పట్టీ చిట్లితే గోడ ఇంకా కదులుతోందన్నమాట, తోడడం ఆపి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి.

ఇన్నాళ్లూ వానకు తడిసిన పిల్లర్ల పైచువ్వలకు బ్రష్‌తో తుప్పు గీకి కొత్త కాంక్రీటు పోస్తామంటే ఒప్పుకోకండి. చువ్వ ఎంత సన్నబడిందో తెలియడానికి వ్యాసం కాలిపర్స్‌తో (మందం కొలిచే పరికరం) కొలిపించండి. కాంక్రీటును కొద్దిగా చెక్కి ఫినాఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చినచోట చువ్వను తుప్పు నుంచి కాపాడే క్షారం ఉంది, రంగు రాకపోతే కార్బొనేషన్ అయింది, అంటే గాలి తగిలి ఆ క్షారం పోయింది. అది చువ్వదాకా వెళ్తే లోపల తుప్పు మొదలైనట్టే. మూడు కోర్లు (డ్రిల్లు చేసి తీసే కాంక్రీటు ముక్కలు) తీయిస్తే, కాంక్రీటు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు బలం ఆ గ్రేడు కాంక్రీటుకు ఉండాల్సిన క్యూబ్ బలంలో కనీసం 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. ఈ రిపోర్టు లేకుండా కొత్త బిల్డర్ ధర చెప్పినా అది గాల్లో లెక్క.

ముందు భాగంలో ఖాళీ మడిగెలకు కరెంటు మీటరు దగ్గరే కట్ చేయించి, మెట్ల మీది అట్టపెట్టెలు తీయించండి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు చనిపోయింది పొగకు ఊపిరాడకే. ప్రాపర్టీ ట్యాక్సు బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. వడ్డీలో 90 శాతం మాఫీ చేసే వన్ టైమ్ స్కీమ్ కొన్నేళ్లు వచ్చింది గానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

కిరాయిదారులకు రిజిస్టర్డ్ లీజు లేకుండా నెలనెలా అద్దె అయితే 15 రోజుల నోటీసు చాలు. అద్దె తక్కువున్న పాత కిరాయిదారులైతే మాత్రం రెంట్ కంట్రోలర్ (అద్దె చట్టం కేసులు వినే అధికారి) దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు. పగిడీ (కిరాయికి దిగేటప్పుడు ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం) ఇచ్చి కూర్చున్నవాళ్లతో కోర్టు కంటే బేరమే త్వరగా తెగుతుంది, కొత్త బిల్డింగులో మడిగె కిరాయికిస్తామని రాసివ్వండి. కొత్త బిల్డర్‌తో అగ్రిమెంటులో ఒక క్లాజు పట్టుబట్టి పెట్టించండి: వెనక బ్లాకు ఫస్ట్ ఫ్లోర్ స్లాబ్ పడేదాకా ముందు భాగంలో ఇటుక కూడా కదపకూడదు.