కర్మకాండ లేకుండా ఆరుబయట సంస్మరణ సభ: మా అనుభవం

మీ నాన్నగారు కర్మకాండ వద్దని రాసిపెట్టి వెళ్లారు, అమ్మగారికి మాత్రం నమ్మకాలున్నాయి, కొబ్బరితోటలోనో ఏటిగట్టు మీదో సభ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు రాసి అడిగారు. మా మేనమామ పోయినప్పుడు కోనసీమలో మేము ఇదే చేశాం. ఆయన బడిపంతులు, కరడుగట్టిన హేతువాది.

ముందు చుట్టాల సంగతి చూసుకోండి, చోటు తరవాత. పెద్దకర్మలో ప్రతి మనిషికీ ఒక పని ఉంటుంది. ఒకరు పిండం కలుపుతారు, ఒకరు విస్తళ్లు వేస్తారు, ఇంకొకరు కాకి ముట్టిందా లేదా అని గోడవైపు చూస్తూ నిలబడతారు. అదంతా తీసేస్తే పదిమందీ చేతులు కట్టుకుని కూర్చుంటారు, గొణుగుడు అక్కడే మొదలవుతుంది. అందుకే అందరికన్నా ఎక్కువ అభ్యంతరం చెప్పే బాబాయికే పెద్ద పని అప్పగించండి. మా ఇంట్లో అలాంటి పెద్దమనిషికి పాత ఫొటోలు వెతికి, తాడుకు క్లిప్పులతో వేలాడదీసే పని ఇచ్చాం. నలుపు తెలుపు ఫొటో ఒకటి పట్టుకుని, ఇందులో ఈ చివర ఉన్నది ఎవరు అని ఊరంతా తిరిగి వాకబు చేశాడు. కర్మ మాట మళ్లీ ఎత్తలేదు. కర్మ చేయనివాడికి ఆస్తి రాదని ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోకండి, వారసత్వానికీ దానికీ చట్టంలో సంబంధం లేదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించడం మాత్రం మరవకండి.

అమ్మగారు ఇంట్లో దీపం పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. నాన్నగారి సిద్ధాంతం ఆయనది, ఆవిడ మీద రుద్దడం న్యాయం కాదు. కానీ బొట్టు, గాజులు తీయించే తంతుకు మాత్రం ముందే గట్టిగా అడ్డుపడండి. 1881లోనే రాజమహేంద్రవరంలో వీరేశలింగం వితంతు వివాహం జరిపించారు. అదే గోదావరి ఒడ్డున ఇంకా ఈ ముచ్చట ఏమిటని మా అత్తయ్య చెల్లెలే అడిగింది, ఎవరికీ నోరు పెగల్లేదు.

ఇక చోటు. ఏటిగట్టు చూడముచ్చటగా ఉంటుంది, కానీ అది ప్రభుత్వ స్థలం, పైగా ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు తిరిగే దారి. స్నానాల రేవు దగ్గరైతే పక్కనే ఎవరి పిండప్రదానమో జరుగుతుంటుంది. సొంత తోట ఉంటే అదే మేలు. అయితే కొబ్బరిచెట్ల కింద మనుషుల్ని కూర్చోబెట్టే ముందు దింపు తీయించాలి, అంటే కాయలు కోయించాలి, ఎండు మట్టలు కూడా కొట్టించాలి. ఇది చేయకుండా సభ పెట్టకండి, కాయ పడితే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు రోజుల ముందే తోటకు నీళ్లు ఆపేయండి, లేకపోతే ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు మెత్తటి మట్టిలో దిగబడి ముసలివాళ్లు పక్కకు ఒరిగిపోతారు. కుర్చీలు తూర్పుముఖంగా వేస్తే సాయంత్రపు ఎండ వీపున పడుతుంది. నాలుగున్నరకు మొదలుపెట్టి చీకటి పడేలోపు ముగించండి. ఆపైన రాజ్యం దోమలదే. జులై, ఆగస్టుల్లో వరద వస్తే లంకల దారులు మునుగుతాయి, అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. ఆ నెలల్లో అయితే దగ్గర్లోని బడి వరండా అడిగి ఉంచుకోండి.

మైకు పెడుతున్నట్టు పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి అనుమతి తీసుకోండి. మైకు సెట్ కుర్రాడికి కూడా విడిగా చెప్పాలి. చావు ఇల్లనగానే అలవాటుగా భగవద్గీత పెట్టేస్తాడు, అతని తప్పేమీ లేదు. నాన్నగారికి ఇష్టమైన పాటలు ముందే ఫోనులో వేసి ఇచ్చేయండి. తోటలో గాలి హోరు వినిపించకుండా మైకుకు స్పాంజి తొడుగు అడగండి. ఫొటోను బల్లకు తాడుతో కట్టండి, దండ బరువుకు, గాలికి ముందుకు పడిపోతుంది.

వేదిక వద్దు. వేదికంటూ ఉంటే ఊళ్లో నాయకులందరికీ దాని మీద కుర్చీ కావాలి, సంస్మరణ సభ కాస్తా ఎన్నికల సభ అవుతుంది. ముందే ఆరేడుగురిని అనుకుని, ఆయనతో జరిగిన ఒక్క సంఘటన చెప్పండి చాలు అని అడగండి. "మహానుభావుడు, ఆయన లేని లోటు తీరనిది" తరహా ఉపన్యాసాలకు ఎవరూ ఏడవరు. మా సభలో అందరినీ ఏడిపించింది దింపు తీసే మనిషి. కొడుకు ఫీజుకు మామయ్య డబ్బిచ్చి, ప్రతి నెలా మార్కుల కాగితం తెచ్చి చూపిస్తే వడ్డీ కట్టినట్టే అన్నాడట. ఆ కాగితాల కట్ట చేతిలో పట్టుకుని చెప్పాడు. ఆడవాళ్లు మైకు దగ్గరికి రారు, మైకే వాళ్ల కుర్చీ దగ్గరికి తీసుకెళ్లండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేసి తెప్పించి వినిపించవచ్చు. కరెంటును నమ్ముకోకుండా జనరేటర్ చెప్పుకోండి.

భోజనం పెట్టాలా అంటే, పెట్టాల్సిందే. అంత దూరం నుంచి వచ్చినవాళ్లను టీ బిస్కెట్లతో పంపిస్తే ఈ జిల్లాల్లో పదేళ్లు చెప్పుకుంటారు. పులిహోర, గారెలు, పెరుగన్నం చాలు.

కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు తెచ్చి అందరికీ పంచుదామని రాశారు. వద్దంటాను. బస్సులో వెళ్లేవాళ్లు వాటిని ఏ సీటు కిందో వదిలేస్తారు. ఒకే మొక్క, నాన్నగారు పనిచేసిన బడిలోనో మీ తోట అంచునో నాటి, మేకలు మేయకుండా కంచె వేయించండి. బడిలో అయితే ఒక చిక్కుంది. వేసవిలో పిల్లలకు సెలవులు, కాలువలు కట్టేసేదీ అప్పుడే. ఆ నెలల్లో నీళ్లు పోయడానికి ఒక మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి.