మొదటి చలికాలంలో బేస్ గిటార్: తీగలు మార్చడం, నెక్ చూసుకోవడం

హైదరాబాదులో శుభ్రంగా పలికిన బేస్ గిటార్ చికాగో వచ్చాక జనవరిలో మొదటి రెండు మూడు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) దగ్గర గరగరమంటోందనీ, కొత్త తీగలు వేస్తే సరిపోతుందా అనీ కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచు అడుగుతుంటారు. తీగలను అనుమానించే ముందు గదిలోని గాలిని చూడండి. హీటర్ నడిచే ఇంట్లో తేమ 30 శాతం కంటే దిగువకు సులువుగా పడిపోతుంది. ఆ పొడికి చెక్క కుంచించుకుపోయి నెక్ (గిటార్ మెడ) సాధారణంగా వెనక్కి వంగుతుంది, దాంతో తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది, ఫ్రెట్ల కొసలు అంచున పొడుచుకొచ్చి అరచేతికి తగులుతాయి. కాబట్టి ముందు తేమ కొలిచే చిన్న మీటరు కొని కేసులో పెట్టండి, తేమనిచ్చే ప్యాకెట్లు వాడి 45 నుంచి 55 శాతం మధ్య నిలపండి. గడ్డకట్టే చలిలోంచి గిటార్ ఇంటికి తెచ్చిన రోజున కేసు వెంటనే తెరవకుండా, గది వేడికి అలవాటు పడనివ్వడం మంచిది.

తీగలు మార్చేటప్పుడు ఒకదాని తరువాత ఒకటి మార్చండి. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) గల నాలుగు తీగల బేస్ మీద 45–105 సెట్టు (అంగుళంలో వెయ్యోవంతుల్లో సన్న, లావు తీగల మందం) బిగిస్తే నెక్ మీద పడే లాగుడు 70 కిలోలకు పైమాటే. అదంతా ఒక్కసారిగా వదిలేస్తే నెక్ మళ్ళీ కుదురుకోవడానికి సమయం పడుతుంది. పోస్టు (తీగ చుట్టుకునే మర) నడిమధ్య రంధ్రం ఉన్న రకమైతే, తీగను పోస్టు దాటి నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు మడిచి ఆ తరువాతే కత్తిరించండి. మడవకుండా కోస్తే పై చుట్టు సడలి తీగ మొద్దుగా పలికే ప్రమాదం ఉంది. కొసను రంధ్రం అడుగుదాకా దించి, చుట్లు ఒకదాని కింద ఒకటి దిగేలా రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. పాత తీగల మందమే తీసుకోండి, మందం మారితే లాగుడు మారి నెక్ వంపూ మారుతుంది.

అన్నీ శ్రుతి చేశాక మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు) బిగించి, లావు తీగను నెక్ బాడీతో కలిసే చోట నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ పైన తీగ కింద ఎంత సందుందో ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచని రేకుల పరికరంతో) చూడండి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. సందు బొత్తిగా లేకపోతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ఇనుప కడ్డీని) అపసవ్యంగా, మరీ ఎక్కువైతే సవ్యంగా, ఒకసారికి పావు చుట్టు మించకుండా తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి కొలవండి. ఇక్కడ మనవాళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటుంది: అమెరికాలో తయారైన గిటార్లకు ట్రస్ రాడ్ నట్టు తిప్పడానికి ఎక్కువగా అంగుళాల అలెన్ కీ (ఆరు పలకల తాళంచెవి), ఆసియాలో తయారైనవాటికి ఎక్కువగా మిల్లీమీటర్ల కీ పడుతుంది, వదులుగా కూర్చున్న కీతో బలవంతం చేస్తే నట్టు అంచులు అరిగిపోతాయి, ఆ మరమ్మతు చాలా ఖరీదైనది. రాడ్ గట్టిగా మొండికేస్తే అక్కడితో ఆపేసి గిటార్ సెటప్ (సర్దుబాటు) చేసేవారికి చూపించండి.

రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్‌కు (ఫ్రెట్లు బిగించిన చెక్కకు) ఏడాదికి ఒకటి రెండుసార్లు నూనె పలచగా రాసి తుడవవచ్చు. వార్నిష్ వేసిన మేపుల్‌కు పొడిగుడ్డ చాలు. పొడుచుకొచ్చిన ఫ్రెట్లను మాత్రం ఆకురాయితో మీరే రాయకండి, తేమ సరిచేశాక కొన్ని వారాలు ఆగి చూడండి, చాలాసార్లు అవే సర్దుకుంటాయి.