ఐరిష్‌లో "స్కాప్" అంటే స్కాటరా, స్ప్రెడ్డా?

రెండూనండి. చెల్లాచెదురు చేయడం, చెదిరిపోవడం రెండిటికీ ఇదే మాట, పక్కన ఏ పదం ఉందో చూసి ఇంగ్లిష్ మాట ఎంచుకోవాలి. విత్తనాలు చల్లితే స్కాటర్, పొలంలో పెంట ఎరువు పార్లతో చిమ్మితే స్ప్రెడ్, గుంపు చెదిరిపోతే డిస్పర్స్, కబురు ఊరంతా పాకిస్తే మళ్ళీ స్ప్రెడ్, డబ్బు తగలేస్తే స్క్వాండర్.

నాకు బాగా నచ్చేది మంచు వాక్యం, "టా అన్ క్యో ఎగ్ స్కాపె" అంటారు, మాటకి మాట పెడితే మంచు చెదురుతోంది అని, కానీ ఇంగ్లిష్‌లో ఫాగ్ ఈజ్ లిఫ్టింగ్ అనే రాయాలి, మనం మంచు విడిపోతోంది అంటాం చూడండి, మన మాటే దానికి దగ్గరగా ఉంది. ఈ "స్కాపె"నే ఉత్తరాన అల్స్టర్ వాళ్ళు "స్కాపూ" అంటారు, స్పెల్లింగ్ ఒకటే.

దీన్నుంచి వచ్చిన "స్కాప్హ" అంటే చెదిరిన అని, మనిషికి వాడితే ఆలోచన కుదురుగా లేనివాడు, మాటలకి వాడితే పొంతన లేని మాటలు.

బ్రెడ్ మీద వెన్న రాయడానికి మాత్రం "ల్యాహ్" వాడండి, అది పరుచుకోవడం, విచ్చుకోవడం. స్కాప్‌లో ముక్కలుగా విడిపోవడం ఉంటుంది, వెన్నకి అది కుదరదు.