మీరడిగారు: సరస్సులో మునిగిన విమానం

ప్రశ్న: హుస్సేన్‌సాగర్‌లో మునిగిన బుద్ధ విగ్రహాన్ని 1992లో బయటికి తీశారు కదా. అమెరికాలోని మిషిగన్ సరస్సులో పడ్డ యుద్ధకాలపు శిక్షణ విమానాలనూ అలాగే తీస్తారా? వాటికి ఒక్క క్రేన్ చాలదా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: చాలదండీ. విగ్రహం ఏకశిల, లోపల నీరు చేరదు. విమానం డొల్ల. 1942–45 మధ్య షికాగో దగ్గర వుల్వరీన్, సేబుల్ అనే శిక్షణ ఓడల మీద పైలట్లు విమానం దింపడం నేర్చుకునే రోజుల్లో వందకు పైగా విమానాలు నీటిపాలయ్యాయి. వాటిలో ఒక రకమైన డాంట్‌లెస్ ఖాళీ బరువు దాదాపు 3 టన్నులు. రెక్కల్లో, తోకలో నీళ్లూ ఒండ్రూ నిండి ఉంటాయి. బావిలో చేద మునిగి ఉన్నంతసేపు తేలికే, నీళ్లు దాటి పైకొచ్చాకే చేతులు లాగుతాయి. ఇక్కడా అంతే. లోపలి నీళ్లు ఘనమీటరుకు టన్ను చొప్పున బరువు పడతాయి.

ముందు సోనార్‌తో (నీటిలోకి శబ్దం పంపి, దాని ప్రతిధ్వనితో వస్తువులను గుర్తించే పరికరం) జాడ పట్టి, కెమెరా దించి చూస్తారు. బెల్టులు ఇంజిన్ బిగించిన చోట, రెక్కల మొదట్లో వేయాలి. తోకకు తగిలిస్తే తోక ఒక్కటే పైకొస్తుంది! ఆపైన గాలి సంచులు. ఘనమీటరు గాలి టన్ను ఎత్తుతుంది. అయితే 60 మీటర్ల లోతున పీడనం 7 రెట్లు. అక్కడ నింపిన గాలి పైకొచ్చేసరికి 7 రెట్లవుతుంది. మిగులు గాలి పోయే దారి లేకపోతే సంచి రాకెట్‌లా లేస్తుంది, విమానం జారిపోతుంది. అందుకే అడుగున మూతి తెరిచి ఉన్న సంచులు వాడతారు. నీటి కిందే ఒడ్డు దాకా లాక్కొచ్చి, అప్పుడు క్రేన్ తగిలిస్తారు. రెక్క నీటిపైకి తేలగానే ఆపి, నీళ్లు కారనిచ్చి, జానెడు జానెడుగా లేపాలి.

అసలు తొందరపాటు ఒడ్డున జరుగుతుంది. చల్లటి ఉప్పులేని నీటిలో అల్యూమినియం దశాబ్దాలు నిలుస్తుంది. స్టీలు బోల్టు ఆనుకున్న చోట మాత్రం తెల్లటి పొడిగా రాలుతుంది. మెగ్నీషియం భాగాలైతే ఇంకా ముందే పోతాయి. ఎండలో ఆరనిస్తే రంగు పెచ్చులు లేస్తుంది. కాబట్టి తడి గుడ్డలు కప్పాలి, అంటుకున్న ఆల్చిప్పలను తడిమీదే ప్లాస్టిక్ ముక్కతో గీకాలి. ఇంజిన్ స్పార్క్ ప్లగ్గులు విప్పి, నీళ్లు వంచేసి, వెంటనే నూనె పోయాలి.

ప్రశ్న: దొరికిన విమానం దొరికినవాళ్లదేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: కాదు. ఎన్నేళ్లయినా అమెరికా నౌకాదళానిదే. 2004 చట్టం ప్రకారం అనుమతి లేకుండా కదిలించకూడదు. 1942లో పసిఫిక్‌లో జపాన్‌తో జరిగిన మిడ్వే యుద్ధంలో పోరాడి, 1943లో ఈ సరస్సులో పడ్డ ఒక డాంట్‌లెస్‌ను బయటికి తీశాక ఫ్లోరిడాలోని పెన్సకోలా మ్యూజియానికి చేర్చారు.