వకుళమ్మ మన ప్రొద్దుటూరామె

ప్రశ్న: టీచరమ్మా, నమస్తే. మా అవ్వకు ఎనభై దాటాయి. టీవీలో ఎన్టీఆర్ 'శ్రీ వెంకటేశ్వర మహత్యం' వచ్చినప్పుడల్లా వకుళమాతను చూపించి "ఈమె మన ప్రొద్దుటూరామె, ఒకప్పుడు పెద్ద హీరోయిను" అంటుంది. నేనైతే ఆమెను తల్లి వేషాల్లో తప్ప చూడలేదు. ఇంట్లో అందరం నవ్వుతున్నాం. అవ్వ మాట నిజమేనా?
— ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: ముందు నవ్వడం ఆపండమ్మా. మీ అవ్వ చెప్పింది అక్షరాలా నిజం.

ఆమె శాంతకుమారి. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. 1920 మే 17న ప్రొద్దుటూరులో పుట్టారు. వెల్లాల అనే ఊరి పేరు వినగానే మన కడప జిల్లావాళ్ళకు అక్కడి సంజీవరాయుడి (ఆంజనేయస్వామి) గుడి కళ్ళ ముందుకొస్తుంది. ఆ ఇంటిపేరు వింటే ఇంక వేరే సాక్ష్యం ఎందుకు! నాన్న శ్రీనివాసరావు నటుడు. అమ్మ పెద్దనరసమ్మ శాస్త్రీయ సంగీతం పాడేవారు.

నేను నలభై ఏళ్ళు పిల్లలకు వయొలిన్ నేర్పినదాన్ని కాబట్టి నాకు ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. శాంతకుమారి మద్రాసులో పి. సాంబమూర్తి గారి దగ్గర గాత్రం, వయొలిన్ రెండూ నేర్చుకున్నారు. ఆయన రాసిన సంగీత పుస్తకాలు చదివే మేమంతా పరీక్షలు గట్టెక్కాం. అక్కడ ఆమెతో కలిసి నేర్చుకున్నవారు, తరవాత కర్ణాటక సంగీతంలో పెద్ద గాయని అయిన డి.కె. పట్టమ్మాళ్. అంటే సినిమాల్లోకి వెళ్ళిన అమ్మాయికి పాట కూడా వచ్చిందని కాదు, పాట వచ్చిన అమ్మాయినే సినిమా వెతుక్కుంది. అప్పట్లో తెర మీద ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి మరి.

1936లో 'శశిరేఖా పరిణయం'లో శశిరేఖ వేషం వేశారు. వయసు పదహారు. సుబ్బమ్మ శాంతకుమారి అయింది అప్పుడే. మరుసటేడు 'సారంగధర'. దాని దర్శకుడు నెల్లూరాయన, పి. పుల్లయ్య. సినిమాతో పాటు ఆయనతో పెళ్ళీ అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పుల్లయ్య గారు వెంకటేశ్వరస్వామి కథను రెండుసార్లు తీశారు. 1939లో తీసినదాన్ని 'బాలాజీ' అని కూడా అంటారు. అందులో స్వామి సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, పద్మావతి మన శాంతకుమారి. పంతొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు. మీ అవ్వ చెప్పే హీరోయిను ఈమే. ఇరవై ఒక్క ఏళ్ళ తరవాత, 1960లో, అదే కథను అదే భర్త మళ్ళీ తీశారు. ఈసారి స్వామి ఎన్టీఆర్, పద్మావతి సావిత్రి. శాంతకుమారి వకుళమాత.

వకుళ ఎవరు? కిందటి జన్మలో యశోద. కొడుకు పెళ్ళి కళ్ళారా చూడలేదన్న కొరత తీర్చుకోవడానికి మళ్ళీ పుట్టి, శ్రీనివాసుడి కోసం పద్మావతి తండ్రి ఆకాశరాజు ఇంటికి పిల్లనడగడానికి వెళుతుంది. ఒకసారి ఆలోచించండి. 1939లో తను ఏ ఇంటి పిల్లగా కూర్చుందో, 1960లో అదే ఇంటికి పెళ్ళి మాటలకు బయల్దేరింది! నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా ఆ ఘట్టం దగ్గర చేతిలో పని ఆగిపోతుంది.

ఇంకో తమాషా. అప్పటికి ఆమెకు నలభై. కొడుకు ఎన్టీఆర్‌కు ముప్పై ఏడు. లెక్క చూస్తే తల్లీ కొడుకుల మధ్య మూడేళ్ళు! అక్కినేని అయితే ఆమెకన్నా నాలుగేళ్ళు చిన్న. 'అర్ధాంగి'లో ఆయనకు సవతి తల్లి, 'ప్రేమ్‌నగర్'లో సొంత తల్లి. మగవాళ్ళేమో యాభై దాటినా హీరోలే. దీని మీద నాకు కోపం ఉంది. కానీ కోపం వేరు, ఆమె పని వేరు. ముప్పై అయిదేళ్ళకు జమీందారు రెండో భార్యగా 'అర్ధాంగి'లో కూర్చున్న తీరు చూడండి. కన్నకొడుకు జగ్గయ్యను నెత్తిన పెట్టుకుని, సవతి కొడుకును పిచ్చివాడి కింద జమకట్టే మనిషి. తల్లి వేషమంటే కన్నీళ్ళు ఒత్తుకోవడమే అనుకునేవాళ్ళు 1955 నాటి ఆ సినిమా చూసి మాట్లాడాలి. అందులో భర్తగా వేసిన గుమ్మడి 1927లో పుట్టారు. ఆయనా చిన్నవాడే. ఎంచుకుంటూ పోతే ఆమె పక్కన వయసుకు పెద్దవాళ్ళు దొరకడమే కష్టం.

మళ్ళీ వకుళ దగ్గరికే వెళతాను, నన్ను క్షమించాలి. గోపాలుడి కోసం ఎదురుచూస్తూ ఆమె పాడే పాట ఉంది. అప్పటికి ప్లేబ్యాక్ వచ్చి ఎన్నో ఏళ్ళయింది, సుశీల లాంటివాళ్ళు ఉన్నారు. అయినా ఆ గొంతు శాంతకుమారిదే. 'గోపాలా' అన్న పిలుపు దగ్గర టీవీ సౌండ్ కొంచెం పెంచి వినండి. వయొలిన్ పట్టిన మనిషికి స్వరం ఎక్కడుందో వేలికి తెలుసు, తడుముకోదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, చెప్పాల్సి వస్తే ఈ పాటే పెట్టేదాన్ని.

ఆమె 2006 జనవరిలో చెన్నైలో పోయారు. రఘుపతి వెంకయ్య అవార్డు భార్యాభర్తలిద్దరికీ వచ్చింది. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వచ్చి, స్వామి భార్య బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ కాబట్టి వెంకన్న మా అల్లుడు అని కొబ్బరికాయ కొట్టి పోతారు కదా. ఆ వరసన అల్లుడూ మనవాడే, ఆయన తల్లీ మన ఊరామే. ఈ మాట మీ అవ్వకు చెప్పండి, బాగా నవ్వుతుంది.

ప్రశ్న: మేడమ్, అదే సినిమాలో 'శేషశైలావాస' పాడుతూ కనిపించేది నిజంగా ఘంటసాల గారేనా, పోలిక ఉన్న నటుడా?
— తాడిపత్రి పాఠకుడు

జవాబు: ఆయనే. సంగీతం పెండ్యాల గారిది, తెర మీద కూర్చుని పాడింది ఘంటసాల గారు. నేను చూసింది మా ఊరి టూరింగ్ టాకీస్‌లో, నాకు పదేళ్ళప్పుడు, నేల టికెట్‌లో. ప్రొజెక్టర్ ఒకటే. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి, బొరుగుల గంప తిరిగేది. ఆ పాట వచ్చేసరికి మా జేజి (అవ్వ) లేచి నిలబడి దండం పెట్టింది. వెనకవాళ్ళు "కూచోవమ్మా, కనపడ్డంలా" అని ఒకటే అరుపులు. నేను చెంగు పట్టుకుని లాగితే "మేయ్, గమ్మునుండు, ఆయప్ప పాడుతున్నాడు" అంది. పాటలో ఆయప్ప ఎవరో, ఘంటసాలో, స్వామో, నేను అడగలేదు. ఆ లోపల రీలు తెగింది.