సమాధానం: ట్రేసర్ లెక్క మీటర్ కంటే 5 శాతం ఎక్కువ వస్తోందంటే

ట్రేసర్‌తో (నీటితోపాటు సాగే గుర్తు పదార్థంతో) లెక్కగట్టిన ఫ్లో, లైన్ మీది ఫ్లో మీటర్ కంటే ఎందుకు ఎక్కువ వస్తోందని అడిగారు. నా అనుమానం పైపు లోపలి వ్యాసం మీద. మీరు చెప్పింది 12 అంగుళాల పాత కూలింగ్ వాటర్ లైన్. బ్రోమిన్-82 అనే రేడియోధార్మిక ట్రేసర్‌ను పల్స్‌గా, అంటే ఒక్కసారిగా కొంచెం ఎక్కించి, రెండు డిటెక్టర్ల మధ్య పట్టిన సమయం నుంచి ఫ్లో లెక్కగట్టారు. మీటర్‌ను అప్పుడే తిట్టకండి.

ట్రేసర్ ఇచ్చేది వేగం ఒక్కటే. దాన్ని ఫ్లోగా మార్చేది వైశాల్యం. డ్రాయింగ్‌లో 303 మి.మీ. ఉన్నా, చుట్టూ 3 మి.మీ. పొర కడితే మిగిలేది 297. అంటే వైశాల్యం 4 శాతం తగ్గిపోయినట్టే; డ్రాయింగ్ వైశాల్యంతో లెక్కగడితే ఫ్లో దాదాపు ఆ మేరకు ఎక్కువ వస్తుంది.

చాలామంది బయటి నుంచి థిక్‌నెస్ గేజ్ పెట్టి చూసి సరిపోయిందనుకుంటారు. అది మామూలుగా చూపేది ఉక్కు మందం. లోపల పేరుకున్న పాచి, తుప్పు అందులోకి రావు.

1. దిగువన మూడో డిటెక్టర్ కట్టండి. 1–2, 2–3 మధ్య వేగాలు కలిస్తే మిక్సింగ్ బాగున్నట్టు. కలవకపోతే ముందు ఇంజెక్షన్ పాయింట్‌ను ఇంకా ఎగువకు జరపండి, మిగతావి తర్వాత.

2. సమయం పీక్ నుంచి పీక్‌కి తీయకండి. బ్యాక్‌గ్రౌండ్ (ట్రేసర్ లేనప్పుడూ డిటెక్టర్ చూపే రీడింగ్) తీసేసి సెంట్రాయిడ్‌లు (మొత్తం పల్స్ దాటడానికి పట్టిన సగటు సమయం) వాడండి.

3. అదే ఫ్లో దగ్గర ఒకసారి డైల్యూషన్ పద్ధతి (తెలిసిన మోతాదులో ట్రేసర్ కలిపి, దిగువన అది ఎంత పలచబడిందో చూసి ఫ్లో తీయడం) చేయండి. దీనికి వైశాల్యంతో పనే లేదు, రోడమైన్ రంగుతోనైనా అయిపోతుంది. నీళ్లు తిరిగే లైన్ కాబట్టి రంగు మళ్లీ చుట్టి రాకముందే శాంపిళ్లు తీసేయాలి. వచ్చిన ఫ్లోను ట్రేసర్ వేగంతో భాగిస్తే అసలు వైశాల్యం దొరుకుతుంది.

ఆ వైశాల్యంతో పాత రీడింగులన్నీ మళ్లీ లెక్కగట్టండి. అప్పటికీ తేడా 2 శాతం దాటితే మీటర్‌ను విప్పొచ్చు.