'ట్రాయ్' పౌరాణికమా, చారిత్రకమా?

సందేహం: 2004లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ట్రాయ్' గురించి మా స్నేహితుల మధ్య ఎప్పుడూ వాదనే. ఒకడు "ఇంత భారీ పౌరాణికంలో ఒక్క దేవుడూ కనబడకపోవడం ఏమిటి?" అంటాడు. ఇంకొకడు "అది చారిత్రక చిత్రం, చరిత్రను వక్రీకరించారు" అంటాడు. నేను 'ఇతిహాస చిత్రం' అని రాస్తే, అది హిందీ వాడుక అని కొట్టిపారేశారు. తెలుగులో దాన్ని ఏ రకం సినిమా అనాలి? గ్రీకు వీరుడు అకిలీస్, ట్రాయ్ రాకుమారుడు హెక్టర్‌లలో కథానాయకుడు ఎవరు? ఈ పేర్లు ఎలా రాయాలి? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. 'ట్రాయ్'ని వీరగాథ అనండి. ఎందుకో చెప్పాలంటే, మీ వాదనలో దొర్లిన మాటలను ఒక్కొక్కటిగా చూడాలి.

'ఇతిహాసం' హిందీ వాడుక అన్న మిత్రుడిది పొరపాటు. హిందీలో ఇతిహాస్ అంటే చరిత్ర. తెలుగులో చరిత్రకు చరిత్ర అనే మాటే ఉంది కాబట్టి, ఇతిహాసం అనగానే మనకు రామాయణ భారతాలే గుర్తుకొస్తాయి. ఇతి హ ఆస, అంటే ఇలా జరిగిందట అని. అమరకోశం 'ఇతిహాసః పురావృత్తం' అంటుంది. ఈ సినిమాకు ఆధారమైన ప్రాచీన కావ్యం, హోమర్ 'ఇలియడ్'ని గ్రీకుల ఇతిహాసం అనడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ మాట చెల్లేది గ్రంథానికి. దాని ఆధారంగా తీసిన ప్రతి సినిమాకూ అదే పేరు పెట్టేయలేం. సినిమా ఆ కథను ఏం చేసిందో కూడా చూడాలి కదా.

ఇక పౌరాణికం. ఈ మాటకు మన సినిమా వాడుకలో శాస్త్రంతో సంబంధం లేని అర్థం స్థిరపడింది. శాస్త్రం ప్రకారం పురాణానికి సర్గ, ప్రతిసర్గ, వంశం, మన్వంతరం, వంశానుచరితం అని 5 లక్షణాలు ఉండాలి. 'నర్తనశాల' (1963) విరాటపర్వం కథ, అంటే ఇతిహాస కథ. అయినా దాన్ని పౌరాణికం అనే అంటాం. 'మాయాబజార్' (1957) కథ అయితే వ్యాసభారతంలో లేనే లేదు. అయినా తెలుగువాడు పౌరాణికం అనగానే మొట్టమొదట చెప్పే పేరు అదే. దీన్నిబట్టి తేలేదేమిటంటే, మనం మూలగ్రంథం ఏదని చూసి పౌరాణికం అనడం లేదు. దేవుళ్లూ మనుషులూ ఒకే నేల మీద తిరిగే లోకం అయితే పౌరాణికం. 'మాయాబజార్' నుంచి కృష్ణుణ్ణి తీసేసి చూడండి, ఆ పేరు నిలవదు.

'ట్రాయ్' తీసినవాళ్లు చేసిన పని సరిగ్గా అదే. ఒక ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. ఇలియడ్ 3వ సర్గలో హెక్టర్ తమ్ముడు పారిస్, అతను లేవదీసుకొచ్చిన హెలెన్ భర్త మెనెలాస్ ద్వంద్వయుద్ధం చేస్తారు. మెనెలాస్ అతని శిరస్త్రాణం పట్టుకుని ఈడ్చుకెళుతుంటే, ఆఫ్రొడైటి దేవత వచ్చి దాని పట్టీ తెంచేసి, పారిస్‌ని మంచుతెరలో దాచి నేరుగా అంతఃపురంలో దింపుతుంది. సినిమాలో దేవత లేదు. దెబ్బలు తిన్న పారిస్ నేల మీద పాకుతూ వెళ్లి అన్న కాళ్లు పట్టుకుంటాడు. హెక్టర్ కత్తి దూసి మెనెలాస్‌ని చంపేస్తాడు. దేవత చేయాల్సిన పని అన్న చేశాడన్నమాట. దాంతో కథ ధర్మమే మారిపోయింది. హోమర్‌లో పారిస్ బతికింది దేవత దయ వల్ల, సినిమాలో బతికింది అన్నకున్న ప్రేమ వల్ల. ఆ ప్రేమే యుద్ధనియమాన్ని భంగం చేసింది, ఆ తప్పు హెక్టర్ మెడకు చుట్టుకుంది. నన్నడిగితే, సినిమా మొత్తంలో రచన బలంగా ఉన్న చోటు ఇదే. "మూలంలో మెనెలాస్ చావడు, హెలెన్‌ని తీసుకుని ఇంటికి వెళతాడు" అన్న ఫిర్యాదు నిజమే. ఆ మార్పు ఇచ్చిన ఫలితం కూడా అంతే నిజం.

హెక్టర్ చావు కూడా అలాగే మారింది. 22వ సర్గలో ఎథీనా దేవత హెక్టర్ ఇంకో తమ్ముడి రూపంలో వచ్చి, నీకు తోడుంటాను అని నమ్మించి నిలబెడుతుంది. అకిలీస్ విసిరిన ఈటె గురితప్పితే తెచ్చి అతని చేతికిస్తుంది. సినిమాలో ఇద్దరు మనుషులు తలపడతారు, అంతే. కాబట్టి "దేవుళ్లు లేరు" అన్న మీ మిత్రుడు లోటు అనుకున్నది నిజానికి దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తెలిసి చేసిన నిర్ణయం. అకిలీస్ తల్లి థెటిస్ మాత్రం సముద్రపు నీళ్లలో గవ్వలు ఏరుతూ ఒకసారి కనిపిస్తుంది. అక్కడా ఆమెను దేవత అనరు.

అలాంటప్పుడు చారిత్రకం అనొచ్చా? దీనికి కొంత ఆధారం ఉంది. టర్కీలోని హిసార్లిక్ దిబ్బ దగ్గర 1870ల్లో హైన్రిచ్ ష్లీమన్ తవ్వకాలు జరిపాడు. అక్కడ ఒకదాని మీద ఒకటిగా వెలసిన నగరాల పొరలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి క్రీ.పూ. 1180 ప్రాంతంలో నాశనమైందని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతారు. నగరం ఉంది. కానీ అకిలీస్, హెక్టర్, హెలెన్ నిజంగా ఉన్నారనడానికి సాక్ష్యం లేదు. బొబ్బిలి యుద్ధం అలా కాదు. 1757, ఫ్రెంచి దొర బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు, తాండ్ర పాపారాయుడు అంటూ ఏడాదీ పేర్లూ చెప్పగలం. ఆ కథతో తీసిన సినిమాను చారిత్రకం అంటే సందేహించే పని లేదు.

అందుకే 'చరిత్రను వక్రీకరించారు' అన్న వాక్యం ఇక్కడ నిలవదు. వక్రీకరించాలంటే ముందు స్థిరపడిన చరిత్ర ఉండాలి. మీ మిత్రుడు 'మూలకథను మార్చారు' అని రాస్తే ఎవరూ కాదనలేరు. ఆ మాట అన్నాక మూలం ఏదో కూడా తెలిసి ఉండాలి. "ఇలియడ్‌లోని చెక్క గుర్రం బాగా చూపించారు" అని అభిమానులు రాస్తుంటారు. ఇలియడ్‌లో ఆ గుర్రం లేదు. హెక్టర్ అంత్యక్రియలతో ఆ కావ్యం ముగుస్తుంది. గుర్రం కథ హోమర్ మరో కావ్యం ఒడిస్సీలో క్లుప్తంగా వస్తుంది, వర్జిల్ రాసిన లాటిన్ కావ్యం ఈనీడ్‌లో విపులంగా ఉంటుంది. 'పదేళ్ల ఇలియడ్ యుద్ధాన్ని కుదించారు' అన్నదీ ఇలాంటిదే. ఇలియడ్ చెప్పేది పదో ఏట జరిగిన కొన్ని వారాల కథ. కుదించింది ట్రాయ్ యుద్ధ గాథను. కాబట్టి మొత్తం కథ గురించి మాట్లాడేటప్పుడు 'ట్రాయ్ గాథ' అని, హోమర్ కావ్యం గురించి అయితేనే 'ఇలియడ్' అని రాయండి.

గాథ అన్న మాట నాకు నచ్చడానికి కారణం మన పల్నాటి వీరుల కథ. 12వ శతాబ్దపు పోరు అది. వీరవిద్యావంతులు పాడుతూ వచ్చారు, శ్రీనాథుడి పేరు మీద ద్విపద ఉంది, కారెంపూడిలో ఇప్పటికీ ఏటా వీరులకు ఉత్సవాలు చేస్తారు. అందులో జరిగింది ఎంత, పాటగాడి నోట పెరిగింది ఎంత అన్నది విడదీయడం కష్టం. విడదీయకుండానే దాన్ని గౌరవిస్తాం. 'ట్రాయ్' సినిమాకు కూడా ఈ సంగతి తెలుసనిపిస్తుంది. అకిలీస్ చావు ఘట్టం చూడండి. పారిస్ మొదటి బాణం మడమలో దిగుతుంది, తర్వాతివి ఛాతీలో. అకిలీస్ ఛాతీలోని బాణాలను ఒక్కొక్కటీ పీకేసుకుని కూలిపోతాడు. గ్రీకు సైనికులు వచ్చి చూసేసరికి మిగిలింది మడమలోని బాణం ఒక్కటే. మడమలో తగిలితేనే చచ్చే వీరుడి కథ ఎలా పుట్టి ఉంటుందో ఒక్క మాట లేకుండా చూపించారు. దాదాపు 17.5 కోట్ల డాలర్ల ఖర్చు, మాల్టాలో కోట, మెక్సికో తీరాన యుద్ధాలు, అన్నీ ఉన్న సినిమాలో నాకు గుర్తుండిపోయింది ఈ చిన్న షాట్. సంఘటన గాథగా మారే క్షణం అది.

కథానాయకుడి సంగతి. "హెక్టరే అసలు హీరో" అనేవాళ్లు, "అకిలీస్‌గా బ్రాడ్ పిట్ ఉండగా ఇంకెవరు?" అనేవాళ్లు వాదించుకునేది వేర్వేరు విషయాల గురించి. కావ్యశాస్త్రం రాసిన మన ఆలంకారికులు నాయకులను 4 రకాలుగా చెప్పారు. ఓరుగల్లులో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయంలోనూ ఆ విభాగం ఉంది. దాని ప్రకారం బాధ్యత, నిగ్రహం, కుటుంబం అన్నీ మోసే హెక్టర్ ధీరోదాత్తుడు. కోపం, గర్వం నిండిన అకిలీస్ ధీరోద్ధతుడు. ధీరలలితుడికి ఉండాల్సిన కళాసక్తి సంగతి ఎలా ఉన్నా, పారిస్ ప్రేమలో మునిగి భారమంతా ఇతరుల మీద వదిలేసే తీరులో ధీరలలితుడికి దగ్గర. ఇలియడ్ మొదటి మాటే 'కోపం', అది అకిలీస్ కోపం. కావ్యానికి నాయకుడు అతనే. అభిమానుల మనసు హెక్టర్ వైపు పోవడం ఆశ్చర్యం కాదు, హోమర్ కూడా చివరి పంక్తి అతనికే ఇచ్చాడు. ఇద్దరి అభిమానులూ ఒప్పుకునే ఘట్టం ఒకటుంది. కొడుకు హెక్టర్ శవం కోసం ట్రాయ్ రాజు, ముసలి ప్రయామ్ శత్రువు గుడారానికి వచ్చి, కొడుకును చంపిన చేతులనే ముద్దు పెట్టుకుంటాడు. పీటర్ ఓటూల్ నటించిన ఆ దృశ్యం 24వ సర్గ నుంచి వచ్చింది. దాన్ని మాత్రం సినిమా పెద్దగా మార్చలేదు, మార్చకపోవడం ఎంతో మేలు చేసింది.

పేర్ల విషయం. గ్రీకులో అఖిల్లెయుస్‌కి దగ్గరగా పలుకుతారు, ఇంగ్లీషు మీదుగా మనకు అకిలీస్ చేరింది. 'ఎకిలీస్' అని రాయాల్సిన అవసరం లేదు. అకిలీస్, హెక్టర్ అని హలంతంగా, అంటే చివర అచ్చు లేకుండా రాయండి, లేదా పాత అచ్చు పుస్తకాల్లో 'అలెగ్జాండరు' అన్నట్టు అకిలీసు, హెక్టరు అనండి. ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. విభక్తి చేర్చినప్పుడు 'హెక్టర్‌ని' అన్నా 'హెక్టరును' అన్నా తప్పులేదు.

పాట్రొక్లస్ దగ్గర మాత్రం జాగ్రత్త. సినిమా అతన్ని అకిలీస్ కజిన్ అంటుంది. ఆ మాటకు తెలుగులో అన్నో తమ్ముడో, బావో బావమరిదో తేల్చుకోక తప్పదు. సినిమాలో అతను కుర్రవాడు కాబట్టి 'తమ్ముడి వరస' అని రాస్తే సరిపోతుంది. హోమర్ గురించి రాస్తున్నప్పుడు అలా రాయకండి. అక్కడ అతను ప్రాణస్నేహితుడు, పైగా వయసులో అకిలీస్ కన్నా పెద్దవాడు.